బాల్ పడనీ

నేను కోచ్ గారి బావమరిదినని కొత్తవాళ్ళకి ముందే చెప్పేస్తాను. గొప్ప కోసం కాదు. ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ళకి తెలియాలి కదా, అది నా నిజాయితీ. కొందరికి రెండోసారి కూడా చెబుతాను, మొదటిసారి సరిగ్గా వినిపించలేదేమోనని.

బాస్కెట్‌బాల్ క్లబ్బు హాల్లో నా ఉద్యోగం స్కోరుబోర్డు దగ్గర. పొద్దున్నే తాళం తీయడం, కిటికీలు తెరవడం, బాల్స్‌లో గాలి చూసుకోవడం కూడా నా పనే. తర్వాత అమ్మాయిల టీము వస్తుంది, బూట్లు కీచుమంటాయి. ఆపైన బావ వచ్చేవాడు, మెడలో ఈల, ఎడమ చేతిలో కాఫీ. కుడి చేత్తో పట్టుకునేవాడు కాదు. ఆ చేతికి వేడీ చలీ తెలిసేవి కావు. ఒకసారి కప్పు మూత ఊడి చెయ్యంతా కాలితే, ఎవరో కేకేసేదాకా ఆయన చూసుకోనే లేదు.

బావ ఈ క్లబ్బుకే ఆడాడు. సరదాకి కాదు, జీతం తీసుకుని. దూరం నుంచి బాల్ వెయ్యడానికి ఆయన పెట్టింది పేరు. మోకాలు పాడయ్యాక డాక్టరు ఇక చాలన్నాడు, క్లబ్బు కూడా చాలనే అంది. చివరి మ్యాచ్ ఫైనల్. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బావ కుడి చేత్తో బాల్ వదిలాడు, నేను హారన్ నొక్కాను. బాల్ పైకి లేచింది, రింగు మీదికి వచ్చింది, మూరెడు ఎత్తున ఆగింది.

జనం కాసేపు చూశారు. బస్సు వేళయ్యేసరికి లేచి వెళ్ళిపోయారు.

రింగు మీదికి వచ్చిన బాల్‌ని అది పడేదాకా ఆటగాళ్ళు ముట్టుకోకూడదని రిఫరీ గారు రూల్ చెప్పారు. కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. ట్రోఫీ కూడా ఎవరికీ ఇవ్వలేదు. అది ఆఫీసు టేబుల్ మీద ఉంది, అందులో పెన్నులు పెట్టుకుంటారు.

బావని అక్కడే కోచ్‌గా పెట్టుకున్నారు. ఏళ్ళు మామూలుగానే గడిచాయి. రంగులు వేసేవాళ్ళు బాల్ మీద చుక్క పడకుండా పైకప్పుకి రంగు వేసి వెళ్ళారు. ఊడ్చే ఆవిడ, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన మసిలినట్టు, దాని పక్కన చప్పుడు లేకుండా బూజు దులిపేది. మా అమ్మాయిలు దానికి తగలకుండా బాల్‌ని ఎత్తు తగ్గించి తిన్నగా విసరడం అలవాటు చేసుకున్నారు. మా హాల్లో అది బాగానే నడిచేది. వేరే ఊరు వెళ్తే మాత్రం బాల్స్ రింగుకి కొట్టుకుని తిరిగొచ్చేవి. ఓడిపోయి మేమూ తిరిగొచ్చేవాళ్ళం.

ఓడినా బావకి కోపం వచ్చేది కాదు. గెలిచినా అంతే. టీముకి ఒక్కటే చెప్పేవాడు: "వేశాక చెయ్యి దించకు. బాల్ పడేదాకా అలాగే ఉంచు." ఆటకి మంచి పాఠమే. ఇంటికి కూడా అదే పాఠం తెచ్చాడు. పైకప్పు కారుతోందంటే "బాల్ పడనీ, చూద్దాం" అనేవాడు. మోకాలికి ఆపరేషన్ చేయించుకోమంటే బాల్ పడనీ. పిల్లల సంగతి అక్క ఒకసారి ఎత్తిందట, అప్పుడూ బాల్ పడనీ. ఆ మాట మా ఇంట్లో ఉప్పులాగా అన్నిట్లోకీ కలిసిపోయింది. నేనూ అనేవాణ్ణి, నేను ఏ బాలూ వెయ్యకపోయినా.

అక్క పంటి డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు మెదపలేకుండా ఉన్నప్పుడు ప్రశ్నలు వెయ్యడం ఆమెకి వృత్తిరీత్యా అలవాటు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, ఆసుపత్రిలో పెద్ద ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. శనివారం పొద్దున వంటింట్లో అడిగింది.

"రేపు మధ్యాహ్నం రైలుకి వెళ్తున్నాను. మీరొస్తారా, రారా?"

"బాల్ పడనీ."

"వస్తానంటే సంతోషం. రానంటే సరే, ఒప్పుకుంటాను. ఈ రెండూ కాక ఇంకోటి చెబితే మాత్రం మళ్ళీ అడగను. ఎప్పటికీ అడగను."

బావ కాఫీ కలుపుకున్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది, చెంచా మాత్రం తిరుగుతూనే ఉంది. అక్క లేచి పెట్టె దించింది, ఒక్కరి బట్టలకి సరిపోయే పెట్టె.

"చూశావురా, మీ బావకి కనీసం విసుగు కూడా రాదు" అంది నాతో, ఎవరి పన్ను గురించో చెబుతున్నట్టు.

మర్నాడు ప్రాక్టీసు మధ్యలో పెట్టె లాక్కుంటూ హాల్లోకి వచ్చింది. స్టేషనుకి వెళ్ళే దారిలోదే కదా అంది. ఆ ఫైనల్ రోజు ఆమెకి డ్యూటీ ఉంది, ఆ తర్వాత ఎందుకో ఎప్పుడూ రాలేదు. రింగు కింద నిలబడి, పైపళ్ళు చూసేటప్పటిలా తల వాల్చి చూసింది.

"ఇదేనా?"

"ఇదే" అన్నాను.

"నేనింకా పెద్దదనుకున్నానురా."

బెంచీ మీద రిఫరీ గారు ఉన్నారు. ఆయన రిటైరయ్యారు. అయినా ఈ మ్యాచ్ ముగించాల్సింది తానేనని ఆదివారం ఆదివారం ఈల తెచ్చుకుని కూర్చునేవారు. అక్క ఆయన వైపు తిరిగింది.

"దీన్ని ముట్టుకుంటే ఏమవుతుందండీ?"

"ఆటగాళ్ళు ముట్టుకోకూడదమ్మా."

"నేను ఆటగత్తెని కాదుగా."

"బయటివాళ్ళు ముట్టుకుంటే ఆట ఆపాలి."

"ఇప్పుడు నడుస్తోందా?"

రిఫరీ గారు ఈలని నోట్లోంచి తీసి, దాన్నే అడుగుతున్నట్టు చూశారు.

"నిచ్చెన ఎక్కడుంది?" అంది అక్క.

"ఇక్కడున్నా మేడం" అని మా కెప్టెన్ చెయ్యెత్తింది. ఆ పిల్ల పొడుగు చూసి అందరం అలాగే పిలుస్తాం, సొంత పేరు ఆమే మర్చిపోయినట్టుంది.

"నువ్వు కాదు, ఎక్కేది" అన్నాను.

"నేనైనా అందుకోగలను మేడం. సార్ వద్దన్నారు" అంది నిచ్చెన.

బల్బులు మార్చే నిచ్చెన తెచ్చాను. అక్క చెప్పులు విడిచి ఎక్కింది. అది వణికింది. దగ్గర్లో ఉన్నది బావే. కాఫీ కింద పెట్టి రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.

"నోరు తెరుచుకుని చూడకండి, నాకు డ్యూటీ గుర్తొస్తుంది" అంది అక్క. బాల్ మీద అరచెయ్యి ఆనించింది. "గోరువెచ్చగా ఉంది. ఒకప్పుడు మీ చెయ్యి ఇలాగే ఉండేది."

బావ నిచ్చెనని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎటు నెట్టమంటారు? లోపలికా, బయటికా? ఇదైనా చెప్పండి."

అమ్మాయిలు ఆడటం ఆపేశారు. నేను స్కోరుబోర్డు దగ్గరికి వెళ్ళి హారన్ మీట మీద వేలు పెట్టాను. ఇన్నేళ్ళ మ్యాచ్, ఒక్క మాటలో తేలిపోయేలా ఉంది. అక్క ఇంకా బాగా అందుకుందామని ఒక కాలు ఎత్తింది. నిచ్చెన పక్కకి ఒరిగింది.

"ముందు నువ్వు దిగు" అన్నాడు బావ. "పడతావు."

అక్క అలాగే ఆగి కిందికి చూసింది, చాలాసేపు.

"అదీ ఒక సమాధానమే" అంది.

బాల్‌ని లోపలికీ వెయ్యలేదు, బయటికీ తొయ్యలేదు. ఊగుతున్న పన్ను తీసినంత తేలిగ్గా తీసి, చంకలో పెట్టుకుని దిగింది. రిఫరీ గారు ఈల వేశారు, పెద్దగా కూడా కాదు. నేను మీట నొక్కలేదు.

అక్క బాల్‌ని బావ చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"తిమ్మిరిగా ఉంది" అన్నాడు.

"ఏ చెయ్యి?"

"కుడిది. చీమలు పాకుతున్నట్టుంది. నొప్పి కూడా."

"మత్తు దిగేటప్పుడు అలాగే ఉంటుంది. కాసేపు వేడివి ముట్టుకోకండి" అని కాఫీ కప్పు కాలితో పక్కకి జరిపింది.

బావ మెడలోంచి ఈల తీసి కెప్టెన్ మెడలో వేశాడు. ఆ పిల్ల వంగాల్సి వచ్చింది. పెట్టెలో బాల్ పట్టలేదు. ప్రాక్టీసు బూట్లతోనే, బాల్ చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో పెట్టె లాక్కుంటూ అక్క వెనకాల వెళ్ళాడు. కుడి చేత్తోనే లాగాడు. గుమ్మం దగ్గర ఒకసారి చెయ్యి విదిలించుకోవడం చూశాను.

ఇప్పుడు ప్రాక్టీసు నిచ్చెన చూస్తోంది. బాల్స్ మెల్లగా ఎత్తు అందుకుంటున్నాయి. ఆ బాల్ దానంతట అది పడి ఉంటే లోపల పడేదా, బయటా అని అడిగేవాళ్ళకి నేను కోచ్ గారి బావమరిదినని చెబుతాను. అంతకన్నా నాకేం తెలియదు.

ఆదివారాలు అక్క ఫోన్ చేస్తుంది. బావకి మోకాలు తెగ నొప్పి పుడుతోందట, ఆపరేషన్‌కి తేదీ అడిగాడట.

"నువ్వెప్పుడొస్తావురా?" అంటుంది.

"బాల్..." అని ఆగిపోతాను. తలెత్తితే ఉత్త రింగు, దాని పైన పైకప్పులో ఒక్కచోట రంగు అంటని గుండ్రటి మచ్చ. ఆ మాటకి బదులు ఏమనాలో నేనింకా నేర్చుకోలేదు.