మడతా, మిడతా?

వెబ్‌సైట్లు కట్టేవాళ్ల కోసం ఆమె వారం వారం మెయిల్‌లో ఒక వార్తాలేఖ పంపుతుంది. ఉద్యోగం వేరే ఉంది. ఇది ఇష్టంకొద్దీ నెత్తిన వేసుకున్న పని. ఏ బ్రౌజర్‌లో ఏం మారింది, కొత్త టూల్స్ ఏం వచ్చాయి, తీరిగ్గా చదువుకోదగ్గ వ్యాసాలేవి అని ఏరికోరి, ఒక్కోదాని గురించి నాలుగు ముక్కలు రాసి, కింద లింకు పెడుతుంది. ఆఫీసులో ఆమెను వార్తలక్క అంటారు. పంపేముందు అచ్చుతప్పులు చూసేది ఆమె ఆడపడుచు.

ఆ వారం మడత అనే చిన్న టూల్ ఆమెకు తెగ నచ్చింది. పేజీలో పెట్టే ఫొటోలు చెడకుండా వాటి బరువు తగ్గిస్తుంది. దాంతో పేజీ చటుక్కున తెరుచుకుంటుంది. వార్తల్లో దాన్నే మొట్టమొదట వేసింది.

మర్నాడు మెయిళ్లు మొదలయ్యాయి. "మిడత అద్భుతం!" అని ఒకరు. "మిడత ఎంత వెతికినా దొరకలేదు, అసలుందా?" అని ఇంకొకరు. "ఆ టూల్ సైట్‌వాళ్లు సొంత పేరే తప్పు రాసుకున్నారు, కాస్త చెప్పండి" అని వేరొకాయన. ఆమెకు బుర్ర తిరిగిపోయింది. మధ్యలో ఈ మిడత ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర టీమ్ లీడ్ ఎదురైతే, తను రాసిన టూల్ పేరేంటని అడిగింది.

"మిడతే కదక్కా? మన సైట్‌లో పెట్టేశాం కూడా. పేజీ భలే దూకుతోంది!"

"మడతేమో?"

"మడతేంటక్కా? మీరేగా రాసింది!"

అతను అంత ధీమాగా అనేసరికి ఆమెకు తనమీదే అనుమానం వచ్చింది. ఒకవేళ రెండు ఉన్నాయేమో! భోజనం మానేసి వెతికింది. కంటికి కనిపించినవన్నీ గడ్డిమీద కూర్చున్న పురుగులే.

ఇంటికి రాగానే ఆడపడుచు ముందు ల్యాప్‌టాప్ పెట్టింది. "నేనేం రాశానో చదివి చెప్పు."

"మిడత అని ఉంది వదినా. పెద్ద అక్షరాల్లో."

ఆమె తొంగి చూసింది. నిజమే. పొద్దుట్నించి పదిసార్లు చూసినా కన్ను మడత అనే చదువుకుపోయింది. లింకు మాత్రం సరిగ్గా ఇచ్చింది. లింకు నొక్కినవాళ్లకు టూల్ దొరికింది, పేరు పట్టుకుని వెతికినవాళ్లకు పురుగు దొరికింది.

"మరి నువ్వు చూశావుగా?"

"చూశాను. పేరే అదేమో అనుకున్నా. మీవాళ్లు పెట్టే పేర్లకి ఓ తీరా తెన్నా? పోయినవారం ఊసరవెల్లి అని రాయలేదూ?"

ఆమె ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. మడత తయారుచేసినతను. కోపంగా లేడు గానీ గొంతులో అయోమయం తెలుస్తూనే ఉంది.

"ఏం జరుగుతోందండీ? నేను పెట్టిన పేరే తప్పని అందరూ నాకు చెప్తున్నారు. మా అమ్మ లాండ్రీలో పనిచేసేదండీ. ఎంత బట్టనైనా అరచేతంత మడత పెట్టేది. అందుకే ఆ పేరు పెట్టాను."

ఆమె క్షమించమని అడిగి, అప్పటికప్పుడు అందరికీ సవరణ పంపింది: "మిడత కాదు, మడత. తప్పు నాది."

దాంతో వ్యవహారం తేలిపోతుందనుకుంది. ఇంకా చిక్కుపడింది. "రెండింట్లో ఏది మంచిది?" అని కొందరు. "మిడతను ఎందుకు ఆపేశారు?" అని కొందరు. మర్నాడు లీడ్‌ని కూర్చోబెట్టి మొత్తం విడమరచి చెప్పింది. అతను శ్రద్ధగా తల ఊపి, వెళ్లి టీమ్‌తో, "మిడత కొత్త వెర్షన్ పేరు మడతట" అన్నాడు.

సిగ్గుతో చితికిపోతూ ఆమె తయారుచేసినతనికి మళ్లీ ఫోన్ చేసింది. అతను నవ్వేశాడు. "మా అమ్మకి చెప్పానండీ. పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. జనం ఎలా పిలిస్తేనేం, ఫొటో నలక్కుండా ఉంటే చాలంది."

మనసు కొంచెం కుదుటపడింది. మరుసటి వార్తాలేఖలో మళ్లీ మొదటి వార్త మడతే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసి, ఆడపడుచును పిలిచి పైకి చదవమంది.

"సరిగ్గానే ఉంది వదినా."

ఆమె తెరవైపు కళ్లు చికిలించి చూసింది. "ఏమోనే. ఇప్పుడు సరైనదే తప్పులా కనిపిస్తోంది."