నీళ్లు వెళ్లిపోయిన ఒడ్డు

చెవుల డాక్టర్ కరుణగారి ఫోన్ వచ్చినప్పుడు నా చేతుల నిండా సర్వపిండి ముద్ద. మా మామయ్య ఎడమ చెవిలో వినికిడి ఇంకా మిగిలే ఉందట, మిషన్ పెడితే వినపడుతుందట. వంటింట్లోనే గంతేశాను. పెళ్లయి నలభై రోజులు. ఆయన నా గొంతు ఒక్కసారి కూడా వినలేదు.

మామయ్య బక్కయ్య సూరత్‌లో ముప్పై అయిదేళ్లు సాంచెలు నడిపారు. ఆ మరమగ్గాల మోతలో మాట వినపడదు. అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆయన చెవులు పోయినా ఇల్లు అలాగే గడిచిపోయింది. కానీ పోయినేడు, తాను చనిపోయిన రోజున, అత్తయ్య రాజమ్మ ఆయనతో ఏదో చెప్పిందట. ఆక్సిజన్ మాస్కు ఆమె పెదవులను కప్పేసింది. ఆ మాటేమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మిషన్ తెచ్చి వారమైనా డబ్బా మూత తీయలేదు.

"ఇనాల్సిన మాట ఇనకపోతి. ఇగ గీ గోడాదరా గల్లీల హారన్లు ఇనుడెందుకు బిడ్డా?"

"హారన్లు లేని చోటికే పోదాం మామయ్యా. సముద్రం చప్పుడు విందురుగాని," అన్నాను, పెదవులు బాగా కదిలిస్తూ.

ఆదివారం మధ్యాహ్నం హజీరా వైపు ఆటోలో వెళ్లి, ఊరు దాటాక దిగి నడిచాం. చదునైన ఇసుక బాట, రెండు వైపులా సర్కారు తుమ్మలు. మామయ్య ముందు నడుస్తుంటే మా ఆయన ఉమాకాంత్ నా చెయ్యి పట్టుకున్నాడు. మామయ్య వెనక్కి తిరిగితే చటుక్కున వదిలేశాడు.

"ఇడువకురా, నేను సూసిన," అన్నారు మామయ్య.

తుమ్మలు దాటగానే ఆగిపోయాం. ఒడ్డు ఉంది, సముద్రం లేదు. కనుచూపు మేర నల్లటి బురద, అందులో ఒరిగిన పడవ ఒకటి.

"ఏదిరా సముద్రం? అమ్ముకున్నరా?"

నీళ్లకూ వేళలుంటాయని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. దూరంగా వల మోసుకుపోతున్న ముసలాయనను అడుగుతానని ఉమాకాంత్ వెళ్లాడు. మామయ్య ఇసుకలో కూర్చున్నారు. డబ్బా ఆయన జేబులోనే ఉంది. ఇవాళ తెరవకపోతే ఇక తెరవరనిపించింది.

గాలికి ఇసుక ముఖాన కొడుతుంటే చున్నీని ముక్కు మీదికి లాక్కుని, "తప్పు నాదే మామయ్యా," అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశారు. చున్నీ కదలడం తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏమన్నవ్ బిడ్డా?"

నేను చున్నీ దించబోయాను.

"తియ్యకు."

జేబులోంచి తీసి డబ్బా తెరిచి, మిషన్ చెవికి పెట్టుకున్నారు.

"ఇప్పుడు చెప్పు."

అనుకున్నవన్నీ మరిచిపోయాను. "సర్వపిండి తింటారా మామయ్యా?" అన్నాను చున్నీ వెనక నుంచే.

ఆయన కళ్లు మూసుకున్నారు. "రాజమ్మ గూడ గిట్లనే సన్నగ మాట్లాడేది."

సంచిలో తెచ్చిన సర్వపిండి ఇద్దరం విరుచుకుని తిన్నాం. కరకరమన్నప్పుడల్లా ఆయన నమలడం ఆపి వింటున్నారు.

వెనక నుంచి, ఇంకా చాలా దూరం నుంచే ఉమాకాంత్ అరిచాడు: "రుచితా! నీళ్లు రాత్రికి, మళ్ల రేపు పదింటికి వస్తయట!"

మామయ్య తల తిప్పలేదు.

"ఇనవడ్డది తియ్. రేపు ఛుట్టీ పెట్టురా. పదింటికి ముందుగాల్నే వచ్చి కూసుందం."