సొరపన్ను మొన

అల్లూరు బస్టాండు వెనక సందులో కౌసర్ కట్టుడు పళ్ళు చేస్తుంది. వాకిలి మీద ల్యాబ్ అని బోర్డు ఉన్నా జనం మాత్రం పళ్ళ కొట్టు అనే అంటారు. పని విషయంలో ఆమెకు సందేహాలుండవు. మనిషి ఆకువక్క నమిలేవాడా, చేపముళ్ళు కొరికేవాడా అన్నది నోటి అచ్చు చూసి చెప్పేస్తుంది. కాదన్నవాళ్ళతో గొడవ పెట్టుకుంటుంది కూడా. "నీ పళ్ళు రావడానికి వీధంతా నిద్ర చెడగొట్టినావు, ఇప్పుడేమో ఊరందరికీ పళ్ళు చేస్తా ఉండావు" అని తల్లి బీజాన్ ఈ వయసులోనూ ఆమెను ఆటపట్టిస్తూనే ఉంటుంది.

కౌసర్‌కు ఒక్కటే దిగులు. ఆమె చేసిన పళ్ళన్నీ నెల్లూరులో నరేంద్రబాబు డాక్టర్ గారి పేరు మీద నోళ్ళలోకి వెళతాయి. పెళ్ళి భోజనాల్లో ఎవరో ముసలాయన లడ్డూ కొరుకుతుంటే అవి తన పళ్ళేనని ఆమె దూరం నుంచే గుర్తుపడుతుంది. గుర్తుపట్టి ఏం లాభం, లేచి వెళ్ళి చెప్పుకోలేదు కదా! డాక్టర్ గారు మంచివాడే, పాపం ఆయన తప్పేమీ లేదు. అయినా చేసిన పని మీద ఒక్కసారైనా తన పేరు చూసుకోవాలని ఆమెకు ఎంతో ఆశగా ఉండేది.

అందుకే మెర్లిన్ టీచర్ ఆ సొరపన్ను తెచ్చి బల్ల మీద పెట్టగానే కౌసర్ చేతిలో ఉన్న పని పక్కకు నెట్టేసింది.

మెర్లిన్ సముద్రం ఒడ్డునున్న పాలెంలో పుట్టి పెరిగి, అక్కడి హైస్కూల్లోనే సైన్స్ చెబుతోంది. స్కూల్లో ఒక గది ఖాళీ చేయించి, అందులో శంఖాలు, చేపల ఎముకలు, పాత వలలు పేర్చి దానికి సముద్రం గది అని పేరు పెట్టింది. వాటన్నిటిలోకీ గొప్పది ఈ పన్ను. మనుషులు పుట్టక ముందెప్పుడో బతికిన సొరచేపది, మట్టిలో పడి రాయిగా మారిపోయింది. అరచెయ్యంత వెడల్పు, కాకి నలుపు, అంచుల వెంట సన్నటి రంపపు గాట్లు. మొన మాత్రం లేదు.

"చెంచమ్మవ్వ ఇంట్లో తరాలుగా ఉండాది కౌసరక్కా. అడిగితే స్కూలుకిచ్చేసింది. మొన విరిగిపోయినట్టుంది. నువ్వు మొన కట్టి ఇస్తే అద్దాల పెట్టెలో పెడతాను. కింద అట్ట మీద బాగుచేసినవారు కౌసర్, అల్లూరు అని నీ పేరు రాస్తాను" అంది మెర్లిన్.

ఆ మాటకు కౌసర్ పొంగిపోయింది. పొంగకేం చేస్తుంది! ఆ సాయంత్రానికే సందులో అందరికీ చెప్పింది. నరేంద్రబాబు గారికి ఫోన్ చేసి, గది తెరిచే రోజు తమరు తప్పకుండా రావాలి సార్, నా పేరు పెడుతున్నారు అంది. ఆయన సంతోషంగా వస్తానన్నాడు.

మైనంతో మొన చేయడం ఆమెకు మంచినీళ్ళు తాగినంత తేలిక. రెండు అంచులూ ఎటు వంగుతున్నాయో చూసి, అవి కలిసే చోటును పట్టేసింది. గాట్లు కూడా దిద్దింది. పన్ను మీద ఆనించి చూస్తే సొరచేప ఇప్పుడే నోరు తెరిచిందేమో అనిపించేట్టు కుదిరింది. ఒక్కటే ఆమెకు అంతు పట్టలేదు. పన్ను విరిగిన చోట గరుకుగా ఉంటుంది, ఇక్కడేమో అద్దంలా నున్నగా ఉంది. మొదటి రోజే ఆ మాట అడిగితే మెర్లిన్ పైట సర్దుకుంటూ, సముద్రం నీళ్ళకు అరిగుంటుందిలే అక్కా అని తేల్చేసింది. టీచర్ చెప్పింది కదా అని కౌసర్ కూడా ఊరుకుంది.

ఇక ఈ మైనం నమూనాతో గట్టి మొన పోసి అతికించాలి. ఊరికే అతికిస్తే రేపోమాపో రాలిపోతుంది. కింది పన్నును మిషన్ పెట్టి గీరి గరుకు చేస్తేనే పైది పట్టుకుంటుంది. నోట్లో పన్నుకు తొడుగు వేసినా అంతే. గీరింది మళ్ళీ రాదు. కౌసర్ కళ్ళద్దాలు పెట్టుకుని, మిషన్ ఆన్ చేసి, పన్నును వెలుగుకు తిప్పింది. తిప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అంచుల మీద గాట్లు ఇంకా వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. సముద్రానికి అరగదీయాలని బుద్ధి పుడితే అంత సన్నటి గాట్లను వదిలేసి మొనను మాత్రమే అరగదీస్తుందా? పైగా అరుగుదల ఒక పక్కకు వాలి ఉంది. ఒకే దవడతో నమిలేవాళ్ళ పళ్ళు అలాగే వాలతాయి. ఇది విరగలేదు, ఎవరో పనిగట్టుకుని అరగదీశారు. కౌసర్ మిషన్ ఆపేసి మెర్లిన్‌కు ఫోన్ చేసింది. "రేపు రా టీచర్. వచ్చేటప్పుడు అవ్వను కూడా పిలుచుకురా" అంది.

చెంచమ్మ బక్కపలచని మనిషి. లోపలికి రాగానే బల్ల మీద మైనం మొనతో నిలబెట్టి ఉన్న పన్నును చూసింది.

"మాది యాడుందమ్మా?" అంది.

"అదే అవ్వా, నీ ఎదురుగ్గానే ఉండాది" అంది మెర్లిన్.

కౌసర్ మైనం మొన తీసి ఇచ్చాక గానీ ముసలామె దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగానే ఆమె బొటనవేలు పన్ను మీద ఒక పల్లంలో ఒదిగి కూర్చుంది. ఎవరూ అడక్కుండానే పన్నును వాలుగా పట్టుకుని బల్ల మీద గుండ్రంగా తిప్పింది, సాన మీద గంధం తీసినట్టు. వాలు సరిగ్గా సరిపోయింది. కౌసర్ మెర్లిన్ వైపు చూసింది. మెర్లిన్ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది.

"బిడ్డలకా అవ్వా?" అంది కౌసర్.

"ఇంకెవురికమ్మా? పళ్ళొచ్చే బిడ్డలకి. తల్లి పాలు రెండు బొట్లు సాన మీద ఏసి, దీన్ని అరగదీసి నాలిక మీద రాసేది. మా అత్త రాసింది, వాళ్ళత్త రాసింది. ఆస్పత్రి వచ్చినాక మానేసినాం. ఈ టీచరమ్మకీ రాసినా. రాయనిచ్చేదా? నా వేలు కొరికింది."

మెర్లిన్ ముఖం కందిపోయింది. "అందుకే చెప్పలేదక్కా. నేను సైన్స్ టీచర్ని. పెద్దాఫీసర్లు వస్తారు. రాయి అరగదీసి పసిబిడ్డల చేత నాకించే ఊరని మా పాలెం గురించి చెప్పుకోరా? మొన కట్టేస్తే ఎవురికీ తెలీదనుకున్నా."

"నాకినా సైన్స్ టీచర్‌వి అయినావు గదా" అంది కౌసర్.

నవ్వుతూనే అంది గానీ లోపల ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది. మొన కట్టకపోతే అట్ట మీద తన పేరుండదు. సందంతా చాటింపు వేసుకుంది. డాక్టర్ గారు వస్తానన్నారు. ఇంత చక్కటి మొన జన్మలో మళ్ళీ కుదురుతుందో లేదో! ఎవరైనా కట్టమంటే బాగుండునని ఆమెకు నిజంగా అనిపించింది.

"నువ్వేమంటావవ్వా? కట్టేదా, మానేదా?"

"ఇచ్చేసినా గదమ్మా, ఇంక మీ ఇష్టం. గీరితే పొడి రాలుద్ది గదా? అది మాత్రం పారెయ్యబాక. కాయితంలో కట్టి నాకియ్యి."

కౌసర్ మరి ఆలోచించలేదు. మైనం మొనను తీసి వెలుగుతున్న స్పిరిట్ దీపం మీది గిన్నెలో పడేసింది. అది మెత్తబడి, గాట్లు పోయి, చివరికి మామూలు మైనమైంది. కౌసర్ దీపం ఆర్పేసి మెర్లిన్ వైపు తిరిగింది.

"ఈ పని నేను చెయ్యను టీచర్. ఎవురి చేతా చెయ్యించబాక. అరగదీసింది అరగదీసినట్టు రాయి. మందని రాయమని చెప్పడం లేదు. బిడ్డ ఏడిస్తే ఊరకుండలేక చేసిన పనని రాయి. దాంట్లో సిగ్గేముంది?"

మెర్లిన్ సరేనన్నట్టు తలూపింది. చెంచమ్మ మాత్రం కౌసర్ ముఖంలోకి తేరిపార చూస్తోంది.

"ఎవురి బిడ్డవమ్మా నువ్వు?"

"గాజుల బీజాన్ కూతుర్ని అవ్వా."

"అట్టా చెప్పు. చిగుళ్ళు వాచి గుక్కపట్టి ఏడస్తా ఉంటే నిన్ను చంకనేసుకోని వచ్చేది మీయమ్మ. ఒకసారితో నువ్వు ఊరుకుంటివా? మళ్ళా మళ్ళా వచ్చేది. నీకు అరగదీసినంత ఇంకే బిడ్డకీ అరగదీయలేదు నేను. నీ దెబ్బకే గదా ఈ మొన ఇంత పొట్టిదైపోయింది."

కౌసర్ పన్నును చేతిలోకి తీసుకుని, మొన లేని చోటును వేలితో తడిమి చూసుకుంది. ఆ ఒక్క పూట ఆమె ఎవరితోనూ వాదన పెట్టుకోలేదని బీజాన్ తర్వాత అందరికీ చెప్పింది.

గది తెరిచిన రోజు జనం బాగానే వచ్చారు. అద్దాల పెట్టెలో పన్ను మొండిగానే నిలబడి ఉంది. కింద అట్ట మీద మెర్లిన్ గుండ్రటి అక్షరాలు: "సొరచేప పన్ను, రాయిగా మారినది. పళ్ళు వచ్చే పసిబిడ్డల ఏడుపు మాన్పాలని మా పాలెం తల్లులు దీని మొనను అరగదీశారు. చివరిగా అరగదీసినవారు చెంచమ్మ." చెంచమ్మ తన పేరును వేలితో చూపించి పక్కవాళ్ళ చేత మళ్ళీ చదివించుకుంటోంది.

నరేంద్రబాబు గారు కళ్ళజోడు సవరించుకుని అట్టంతా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివి, వెనక్కి తిరిగాడు.

"నీ పేరు కనపడటం లేదే కౌసర్. ఇందులో నీది ఏది?"

కౌసర్ అద్దానికి దగ్గరగా జరిగింది. పన్ను పైన, ఏమీ లేని చోట వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో సార్, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అంది.