గీత అందేంత దూరం

నేను ఒక టోపీని. ఎండకు పెట్టుకునే రకం కాదు, ఫొటోకు పెట్టుకునే రకం అంతకన్నా కాదు. రగ్బీ ఆటలో ఎనిమిదిమంది అటూ ఎనిమిదిమంది ఇటూ తలలు దూర్చి తోసుకునేటప్పుడు, చెవులు నలిగిపోకుండా గడ్డం కింద పట్టీతో బిగించే మెత్తటి టోపీని. తలలు కాపాడుకోవడానికి మనుషులు నన్ను తయారుచేశారు. ఆ తలలతో ఎదుటివాళ్ళను గుద్దకుండా ఉంటే నా అవసరమే ఉండదు. ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తోచలేదు.

నన్ను మొదట పెట్టుకున్నది ఎస్తేరు. విశాఖపట్నం మనిషి, దేశం జట్టులో ఆడింది. మోకాలు దెబ్బతిన్నాక జాలరిపేట ఇసుకలో ఆడపిల్లలకు రగ్బీ నేర్పడం మొదలుపెట్టింది. అక్కడే ఒక సాయంత్రం నన్ను నూకరత్నం తలకు బిగించింది.

నూకరత్నం అప్పటికి బడి కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళే పిల్ల. నలుగురు కాళ్ళు పట్టినా గీత వైపు పాకడమే ఆమెకు తెలిసిన ఆట. రగ్బీలో అది తప్పు. పట్టుకుని పడేస్తే బంతి వెంటనే వదిలేయాలి.

“ఓలే గుంటా, పడ్డాక కూడా పాకుతావేటి? ఇది కబడ్డీ కాదు. ఒదిలీ,” అనేది ఎస్తేరు.

“సేతిలో ఉన్నదాన్ని ఎలగ ఒదిలేస్తానక్కా?”

ఏళ్ళు గడిచాయి. దేశం జట్టులో నూకరత్నం ఆట చూసి ఇంగ్లండులో ఒక క్లబ్బు ఏడాది ఒప్పందం ఇచ్చింది. చేపల గంప దించుతూ ఆమె తల్లి పోలమ్మ ఆశ్చర్యపోయింది.

“బంతి కోసం కొట్టుకుంటే జీతమిత్తారా? మన కొళాయి కాడ ఊరికినే కొట్టుకుంటన్నారు గదే.”

వాన ఆగని ఆ ఊళ్ళో నూకరత్నం ఆట బాగానే మొదలైంది. కానీ పాత అలవాటు పోలేదు. పడ్డాక బంతి వదలనందుకు రిఫరీ విజిల్, అవతలి జట్టుకు పెనాల్టీ. కోచ్ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను ఆమె ఒళ్ళో కూర్చున్నాను. భయపడి ఆమె మారింది. ఎంతగానంటే, నేల తగలకముందే బంతి వదిలేయడం మొదలుపెట్టింది. కోచ్‌కు అదీ నచ్చలేదు. మనుషులకు ఒక తప్పు మాన్పిస్తే దాని పక్కనున్న ఒప్పు కూడా ఊడి వస్తుంది.

సీజన్‌లో చివరి మ్యాచ్ వచ్చింది. ఒప్పందం పొడిగించేదీ లేనిదీ ఆ ఆట చూశాకే చెబుతానంది కోచ్. పొద్దున్నే ఎస్తేరు ఫోన్ చేసింది.

“రూలు ఆఖరిదాకా సదివినావా? గీత దగ్గర పడితే, పడగానే బంతితో ఒక్కసారి సెయ్యి సాపొచ్చు. పాకకూడదు, సాపొచ్చు. అందదనుకుంటే ఒదిలీ.”

“కింద పడినప్పుడు గీతెక్కడుందో నాకెలగ తెలుస్తాదక్కా?”

“అది నానడగాల నిన్ను. కబడ్డీలో నీ గీత ఎవులు సూసీవోరు?”

ఆట ముగియబోతుండగా ఆమెను మైదానంలోకి దింపారు. నాలుగు పాయింట్లు వెనక. బంతిని గీత అవతల నేలకు ఆనిస్తే అయిదు వస్తాయి. తోపులాటలోంచి బంతి ఆమె చేతికొచ్చింది. ఉరికింది. ఇద్దరు నడుమూ కాళ్ళూ పట్టి పడేశారు. సరిగ్గా అప్పుడే పాతబడిన నా పట్టీ ఊడింది. నేను జారి ఆమె కళ్ళ మీద పడ్డాను.

చీకటి. వదిలెయ్యమని కెప్టెన్ అరుస్తోంది. వదిలేస్తుందనే నేనూ అనుకున్నాను. ఆమె గీత కోసం తల కూడా తిప్పలేదు. చెయ్యి ఒక్కసారి సాచింది. బంతి నేలకు ఆనింది.

విజిల్ మోగింది. తప్పుకైనా గెలుపుకైనా మోగేది ఆ విజిలే. ఆమె నన్ను కళ్ళ మీదినుంచి లాగేసింది. రిఫరీ చెయ్యి ఆకాశం వైపు నిలువుగా లేచి ఉంది. అయిదు పాయింట్లు.

ఒప్పందం మరో రెండేళ్ళు పెరిగింది. క్లబ్బు ఆమెకు కొత్త టోపీ ఇచ్చి నన్ను చెత్తబుట్టలో వేసింది. ఆమె తీసి, ఉతికి, సెలవులకు ఇంటికి తెచ్చింది. పోలమ్మ నన్ను నొక్కి చూసింది.

“మెత్తగున్నాదే. గంప కిందకి బాగుంటాది.”

అలా ఇప్పుడు పోలమ్మ తలమీద, చేపల గంప కింద చుట్టకుదురు పనిచేస్తున్నాను. ఒకప్పుడు నా మీద పదహారుమంది తూకం పడేది. ఇప్పుడు ఒక్క గంప. వాసన సంగతి అడగకండి, అలవాటైంది.

నిన్న వీధిలో ఒక పెద్దాయన చందువా తోక పట్టుకుని బేరమాడాడు. తల వైపు పోలమ్మ పట్టుకుంది.

“ఒదలండి బాబూ, సేప నలిగిపోద్ది.”

“ధర తగ్గించి నువ్వే వదులు.”

ఆమె వదల్లేదు. చివరికి ఆయనే వదిలి, అడిగినంతా ఇచ్చి, చేప పట్టుకెళ్ళాడు.

నూకరత్నానికి ఆ పట్టు కబడ్డీ నేర్పిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను.