ఆరని దిమ్మె

కొండప్ప చెప్పులు విప్పి, సిమెంటు దిమ్మె ఎక్కి ఊడవడం మొదలుపెట్టాడు. రాత్రి గాలికి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి దిమ్మె అంచున గీతలు గీతలుగా పేరుకుంది. తలపైన గాలిమర తిరుగుతోంది. రెక్క కిందికి దిగినప్పుడల్లా ఎవరో బరువుగా ఊపిరి వదిలినట్టు చప్పుడు. ఆ చప్పుడు అతడికి వినబడడం మానేసి ఏళ్లయింది.

దిమ్మె పోసిన కొత్తలో కంపెనీ ఇంజనీరు, "తడి ఆరలేదు, చెప్పులతో ఎక్కొద్దు" అన్నాడు. ఆరిందని ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. ఇంజనీర్లు బూట్లతో ఎక్కి దిగుతుంటారు. కొండప్ప మాత్రం టైరు చెప్పులు పక్కపక్కన పెట్టి, వట్టికాళ్లతోనే ఎక్కుతాడు.

గుట్ట పొడవునా గాలిమరలే. ఊరికి నేరుగా ఎగువనున్నదానికి అతడు కాపలా. ఊడవాలి, మేకలను తోలాలి, రెక్క తగిలి పడిన పక్షిని తీసి గుంతలో కప్పాలి. అంతే పని. గాలిమరలు రాకముందు ఇదే గుట్ట మీద గొర్రెలు మేపేవాడు. అప్పుడూ ఇలాగే కూర్చుని కిందికి చూసేవాడు.

కింద అతడి చేను. కాయ కట్టడానికి వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగే వేళ. నేల పెంకులా గట్టిపడడంతో ఊడ మొన మట్టిని తాకి అక్కడే నల్లబడిపోతోంది. ఈ వారం వాన పడకపోతే చేను గొర్రెల పాలే. ఊళ్లో అందరి చేలూ అంతే. అందరి నోటా ఒకటే మాట, గుట్ట మీది ఫ్యాన్లు మబ్బులను తరిమేస్తున్నాయని. ఈ ఏడు కొండప్ప చేలో బదులు పనికి ఒక్కరూ రాలేదు. అతడి భార్య చౌడమ్మ ఒంటరిగా కలుపు తీసింది.

పక్క చేను బసప్ప తుమ్మకొమ్మలు కొట్టుకోవడానికి గుట్టెక్కాడు.

"ఏమప్పా కొండన్నా, బాగా తోలుతాండావే. మా మబ్బులన్నీ కడప పక్కకు పంపిస్తివి. ఆ ఊర్లోళ్లు నీకు దండ ఏస్తారేమో పో."

"నేను యాడ తోలినానప్పా. గాలి తోలుతాండాది."

"ఆ గాలి యాడిది? ఫ్యాను తిరిగితేనే గదా గాలొచ్చేది."

కొండప్ప ఇంట్లో ఫ్యాను లేదు. గాలే ఈ గాలిమరను తిప్పుతుందని ఇంజనీరు చెప్పాడు. ఈ గుట్ట మీద గాలి లేచినప్పుడే మబ్బు వస్తుంది, అప్పుడే రెక్కలూ తిరుగుతాయి. ఏది దేన్ని తోలుతోందో అతడు తేల్చుకోలేదు. బసప్ప కొమ్మలు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చౌడమ్మ సంగటి తెచ్చింది. దూరం నుంచే గట్టిగా మాట్లాడుతూ వచ్చింది. రెక్కల కింద ఎవరైనా అలాగే మాట్లాడాలి.

"తినవా?"

"ఆకలి ల్యా. పొద్దున్నించి ఎడం భుజం లాగుతాండాది."

ఆమె గిన్నె మూత పెట్టి పడమటి దిక్కు చూసింది.

"మబ్బు లేస్తాండాది. ఒక్కసారి దీన్ని ఆపి చూడు. వాన పడితే సరి. పడకపోతే ఊరోళ్ల నోరన్నా మూతపడతాది."

"నిప్పు కనపడితే తప్ప ఎర్ర బొత్తాం ముట్టగూడదన్నారు."

"చేను చూసినావా? నిప్పు గాదా అది?"

ఆమె గుట్ట దిగి చేనికి పోయింది.

మబ్బు గుట్టను సమీపించింది. కొండప్ప చెప్పులు విప్పి దిమ్మె ఎక్కాడు. స్తంభానికున్న ఇనుప తలుపు తీసి, ఎర్ర బొత్తాం నొక్కాడు. రెక్కలు మెల్లబడ్డాయి, మరింత మెల్లబడ్డాయి, ఆగాయి.

బసప్ప మేకల గంటలు వినబడ్డాయి. కింద చేలో చౌడమ్మ దగ్గు వినబడింది. ఇన్నాళ్లూ ఇవన్నీ ఉన్నాయా అన్నట్టు కొండప్ప స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చేలల్లో మనుషులు నడుములెత్తి పైకి చూశారు. మబ్బు నీడ గుట్టెక్కింది. దిమ్మె మీద నాలుగు చినుకులు పడ్డాయి. కొండప్ప అరచెయ్యి చాచి ఆ తడి మీద పెట్టాడు. నీడ చేల మీదుగా తూర్పుకు సాగిపోయింది.

పొద్దు వాలుతుండగా చౌడమ్మ బసప్ప దగ్గరికి వెళ్లింది.

"చూసినావు గదన్నా. ఆపినా పడల్యా."

"ఒకటి ఆపితే ఏమొస్తాదమ్మా? తక్కినవన్నీ తిరుగుతానే ఉండె గదా" అన్నాడు బసప్ప.

ఆమె ఆ మాట మోసుకుని గుట్టెక్కింది. దిమ్మె ఇంకా అల్లంత దూరాన ఉండగానే గొంతెత్తింది.

"ఇన్యావా? తక్కినవి తిరుగుతాండాయంట. అన్నీ ఆపల్లంట."

అతడు తల తిప్పలేదు. గాలి హోరుకు వినబడలేదేమోనని దగ్గరికొచ్చి, మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా అరిచింది. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది, ఫ్యాను ఆగి ఉంది. హోరేమీ లేదు. చాచిన అతడి అరచెయ్యి దిమ్మె మీద అలాగే ఉంది. దిమ్మె పొడిగా ఉంది.

చౌడమ్మ ఏడవలేదు. గిన్నె మూత తీసి చూసింది. సంగటి ముద్ద ముట్టనట్టే ఉంది. తర్వాత కిందికి దిగి బసప్పను పిలిచింది. బసప్ప కొండప్పను మోయడానికి మంచం తెచ్చాడు.

మరునాడు ఉదయం కంపెనీ జీపు వచ్చింది. కొత్త ఇంజనీరు బూట్లతో దిమ్మె ఎక్కి, బొత్తాం సరిచేసి దిగాడు. రెక్కలు కదిలాయి. దిమ్మె పక్కన, మట్టిలో, టైరు చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెక్క నీడ వాటి మీదికి వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది.