రెప్పలేనమ్మ కునుకు

పరిశోధనశాలలో వదినకు రెప్పలేనమ్మ అని పేరు. అద్దాల పెట్టెలో జంతువును పెట్టి ఆమెను ఎదురుగా కూర్చోబెడితే చాలు, అది ఎప్పుడు కళ్ళు మూసిందో నిమిషం తప్పకుండా రాస్తుంది. కూర్చున్నచోటే గురక తీసే మొగుడికి ఇలాంటి పెళ్ళాం ఎలా దొరికిందా అని అందరూ నవ్వుకుంటారు. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆ మొగుడి చెల్లెలే. పెద్ద శాస్త్రవేత్త, తొమ్మిదేళ్ళుగా ఒకే మాట పట్టుకుని వేలాడుతున్న మనిషి.

ఆ మాట ఇది. నిద్ర ఒంటికి అవసరమేమీ కాదు. కడుపు నిండిన జంతువు ఊరికే తిరిగితే దేని నోట్లోనో పడుతుంది కాబట్టి మూల నక్కడం నేర్చింది, లక్షల ఏళ్ళు నక్కగా నక్కగా అదే నిద్ర అయింది. మరి పిల్లల తల్లికి నక్కే తీరిక ఎక్కడిది? కనుక దానికి నిద్రా లేదు. సాక్ష్యం అడవి ఎలుకలు. పగలు వదిన, రాత్రి ఆడపడుచు కాపలా కాస్తే, ఈనిన మూడు తల్లులూ ఒక్కసారైనా కన్ను మూయలేదు. రెండు వారాలు తిరక్కుండానే మూడూ చచ్చిపోయాయి, నిజమే. ఏదో జబ్బులే అని సరిపెట్టుకున్నారు. ఇప్పుడున్నది నాలుగోది, దానికిది పన్నెండో రోజు. ఈ రోజే మూడు గంటలకు నిపుణులు చూడటానికి వస్తున్నారు. వాళ్ళు నమ్మితే ల్యాబు ఉంటుంది, లేకపోతే తాళమే.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే వదినకు కునుకు పట్టింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

ఉలిక్కిపడి లేచి, ఎంతసేపు పరువు పోయిందో చూద్దామని, నిపుణుల కోసం ఆ ఉదయమే బిగించిన కెమెరాలోని రికార్డింగును వెనక్కి తిప్పింది. తెరమీద తన తల వాలిపోయింది. ఎలుక ఆ తలనే చూస్తూ ఒక నిమిషం ఆగింది. తర్వాత పిల్లల పక్కనే దబ్బున పడి నిద్రపోయింది, పదకొండు నిమిషాలు. కుర్చీ కిర్రుమనగానే గభాలున లేచి నిలబడింది.

వదిన ఆడపడుచును పిలిచి చూపించింది.

"నేను చూస్తున్నంతసేపూ అది పడుకోదమ్మా. దానికి నేనే పిల్లిని."

ఆడపడుచు ముఖం పాలిపోయింది. "ఒక్క కునుకుతో ఏం తేలుతుంది వదినా? ఈ గంటా కూర్చో. వాళ్ళు వెళ్ళాక చూద్దాం."

"అది తూలుతోంది చూడు. నక్కడానికే నిద్రయితే, శత్రువు ఎదురుగా కూర్చుని ఉండగా అలా పడిపోతుందా? ఒళ్ళు అడుగుతోందే తల్లీ!"

"నా తొమ్మిదేళ్ళు వదినా."

వదిన పెట్టెమీద దుప్పటి కప్పింది, దీపం తీసేసింది, ఆడపడుచు చెయ్యి పట్టుకుని బయటికి లాగి తలుపు మూసింది. వరండా చివర అప్పటికే బూట్ల చప్పుడు.

"తప్పుకో, నీకు దణ్ణం పెడతాను," అంది ఆడపడుచు పళ్ళ బిగువున.

"తప్పుకోను. మూడింటిని చూసి చూసి చంపాను, నాకు తెలియక. తెలిసి నాలుగోదాన్ని చంపలేను. మీ అన్నయ్యతో చెప్పుకుంటావో, ఉద్యోగమే పీకిస్తావో నీ ఇష్టం."

వచ్చినవాళ్ళు ముగ్గురు. అందరిలోకీ పెద్దాయన నవ్వుతూ, "ఏదమ్మా, నిద్రపోని తల్లి?" అన్నాడు.

ఆడపడుచు మూసిన తలుపు వైపు చూసింది. వదిన తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"లోపల పడుకుందండీ," అంది ఆడపడుచు చివరికి. "నేను చెప్పిందంతా తప్పు. రండి, నా గదిలో కూర్చుని మాట్లాడుకుందాం." వదిన వైపు చూడకుండానే వాళ్ళను తీసుకెళ్ళిపోయింది.

వదిన అక్కడే ఉండిపోయింది. దుప్పటి కింద తల్లి పడుకుందా, అసలు బతికే ఉందా, ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. తలుపు కొంచెం తోస్తే చాలు, చిన్న సందు దొరుకుతుంది.

తొయ్యలేదు.