డొలోరస్ పట్టిన చేప

వంటింటి తలుపు తోసుకుని వర్నా లోపలికొచ్చేసరికి డొలోరస్ కాఫీ పోసుకుంటోంది. ఒక్క కప్పే తీసింది. రెండోది చేతికందే దూరంలోనే ఉన్నా ముట్టుకోలేదు. ఆ సరస్సు ఒడ్డున ఎవరి గుమ్మంలోకి ఎవరొచ్చినా, పోలీసొచ్చినా సరే, ముందు కాఫీ పోస్తారు. పొయ్యలేదంటే అర్థమేమిటో వేరే చెప్పాలా!

వర్నా ఒకప్పుడు డొలోరస్ అన్న కాజ్మీర్ పెళ్లాం. విడాకులయ్యాక వదినా ఆడపడుచులకు మాటల్లేవు. కిరాణా కొట్టులో ఎదురుపడితే ఒకరు పాల వైపు, ఇంకొకరు రొట్టెల వైపు తిరిగిపోయేవారు. అలాంటిది డొలోరస్ తనంతట తనే ఫోన్ చేసి పిలిచిందంటే ఎంత పీకల మీదికొచ్చి ఉండాలి!

వచ్చింది పన్నుల ఆఫీసు ఆడిట్. రోగం వచ్చి ఊళ్లన్నీ తలుపులేసుకున్న రోజుల్లో, పనివాళ్లను తీసెయ్యకుండా జీతాలిచ్చిన వ్యాపారాలకు సర్కారు పన్నులో కొంత వెనక్కిచ్చింది. ఉత్తర్వు వల్ల మూతపడి ఉండాలన్నది షరతు. డొలోరస్ తన సప్పర్ క్లబ్బు, అంటే తను నడిపే ఈ భోజనశాల, పేరు మీద వసంతానికీ, ఆ తర్వాతి చలికాలానికీ కలిపి తీసుకుంది. ఇప్పుడు రుజువు చూపించమంటున్నారు, రేపే ఆడిటర్ వస్తున్నాడు. రుజువు చాలకపోతే తిరిగి కట్టాలి, అంతవరకే. తెలిసి అబద్ధమాడిందని తేలితే మాత్రం జరిమానాకే క్లబ్బు పోతుంది. ఇలాంటి ఆడిట్లలో వ్యాపారుల పక్కన కూర్చుని, తన సంతకంతో జవాబిచ్చే మనిషి ఆ చుట్టుపక్కల వర్నా ఒక్కతే.

“అన్నయ్య కొంప ముంచావు. ఇప్పుడు నా కొంపకొచ్చావా, వదినగారూ?” అంది డొలోరస్.

“పిలిస్తే వచ్చాను. ముంచడానికైతే పిలవకుండానే వచ్చేదాన్ని.”

కాగితాలు తీసుకుని వర్నా హాల్లోకెళ్లి కూర్చుంది. వసంతం సంగతి తేలిగ్గానే తేలింది. గవర్నరు ఉత్తర్వు ఉంది, హాలు మూసి ఉంది, శుక్రవారం వేపుడు చేపలు కూడా వెనక కిటికీలోంచే అమ్మారు. బాగానే ఉంది. చలికాలం దగ్గరికొచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

“ఫిబ్రవరిలో కూడా ఉత్తర్వు వల్ల మూసేశామని రాశారేమిటి?”

“మూసేశాం కాబట్టి.”

వర్నా తలెత్తి గోడకేసి చూసింది. అక్కడ మనిషంత పొడుగు స్టర్జన్ చేప, కింద బల్లెం, ఆ కింద ఇత్తడి రేకు. డొలోరస్ పేరు, చేప బరువు, ఆ ఫిబ్రవరి తారీఖు అన్నీ చెక్కి ఉన్నాయి.

దీన్ని పట్టాలంటే గడ్డకట్టిన సరస్సు మీద చెక్క గుడిసె వేసుకుని, మంచులో కోసిన కన్నంలోకి చూస్తూ కూర్చోవాలి. చేప రావచ్చు, బతుకంతా రాకపోవచ్చు. డొలోరస్ మొగుడు అలా చూసీ చూసీ, ఒక్కటీ పట్టకుండానే పోయాడు. ఆ మరుసటి చలికాలమే ఆమె బల్లేనికి ఇది పడింది. ఊరంతా వచ్చి ఈ హాల్లో తాగి, పాడి, పొద్దుగూకేదాకా కదల్లేదు.

“ఆ రోజు మూసి ఉందా?” అంది వర్నా.

“నీకేం తెలుసు? నిన్నెవరు పిలిచారు?”

“పిలవకపోయినా వచ్చాను. చేపను చూసి, ఒక మంచి మాట చెప్పి పోదామనుకున్నాను. పార్కింగులో కారు పెట్టడానికి జానెడు చోటు దొరకలేదు. తిరిగిపోయాను.”

డొలోరస్ మొహం ఎర్రబడింది. “ఓహో, సాక్షివి నువ్వేనన్నమాట!”

విసురుగా ఫోనందుకుని, స్పీకరు పెట్టి, ఈ రాయితీ ఇప్పించి అందులో వాటా పుచ్చుకున్న కీగన్‌కు కొట్టింది. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఆ చేపను దింపెయ్యండి మేడమ్. గొడౌన్లో పడెయ్యండి. గోడ మీద లేకపోతే ఎవరడుగుతారు?”

“రేపు నువ్వొచ్చి ఆ మాట ఆడిటర్‌తో చెప్తావా నాయనా?” అని వర్నా అడిగింది.

ఫోను కట్టయింది.

“చూశావుగా,” అంది వర్నా. “నువ్వు దాన్ని దింపితే నేను సంతకం పెట్టను. రేపు ఒక్కదానివే కూర్చో.”

“కూర్చుంటాను! నీ సంతకమేమన్నా అమృతమా?”

డొలోరస్ నిచ్చెన ఈడ్చుకొచ్చి ఎక్కింది. రెండు చేతులూ చేప పొట్ట కిందికి పోనిచ్చింది. ఇంక ఎత్తి కొక్కెం నుంచి తప్పించడమే. అలాగే ఉండిపోయింది. వర్నాకు ఆమె వీపు తప్ప ఏమీ కనిపించలేదు. వెళ్లి నిచ్చెన పట్టుకుందామనిపించింది కానీ కదల్లేదు.

“గొడౌన్లో పడెయ్యాలట,” అంది డొలోరస్ చివరికి, గోడతో అంటున్నట్టుగా. “వాడి తలకాయ పడేస్తాను గొడౌన్లో.”

దిగి చేతులు తుడుచుకుంది.

“వసంతం నిలుస్తుందా?”

“నిలుస్తుంది. చలికాలానిది మనమే ముందుగా ఒప్పుకుని వదిలేద్దాం. వాయిదాల్లో కట్టొచ్చు.”

“మనం అనకు. ఆ డబ్బుతో క్లబ్బుకు కొత్త పైకప్పు వేయించాను. ఇప్పుడు అది కట్టడానికి పడవ అమ్ముకోవాల్సింది నేను, నువ్వు కాదు.”

మర్నాడు పొద్దున ఆడిటర్ వచ్చాడు. కుర్రవాడే. సంచీ ఇంకా కింద పెట్టకుండానే గోడకేసి చూసి నోరు తెరిచాడు.

“అమ్మో! ఎప్పుడు పట్టారండీ దీన్ని?”

డొలోరస్ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“ఆ కాగితాల్లో మూసేశామని రాసిన ఫిబ్రవరిలోనే. మూసిందీ లేదు, పాడూ లేదు. ఆ రోజు ఇక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు. ఇదిగో, ఈవిడకు పార్కింగులో కూడా దొరకలేదట. అడగండి.”

ఆడిటర్ వర్నాకేసి తిరిగాడు. చలికాలం మొత్తాన్నీ వదులుకుంటున్నామని రాసిన కాగితం ఆమె అతని ముందుకు జరిపింది. అతను దాన్ని నిదానంగా చదువుకుని, వసంతం ఉత్తర్వు అడిగి పుచ్చుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఎంత లోతులో పడిందండీ?” అన్నాడు.

అతను వెళ్లిపోయాక వర్నా కోటు వేసుకుంది.

“ఫీజు పోస్టులో పంపిస్తాను,” అంది డొలోరస్. “రేపు శుక్రవారం కదా అని చేపలు తినడానికి వచ్చేవు. రాకు.”

“రాను. నీ చేపల్లో ఉప్పెక్కువ.”

వర్నా మెట్లు దిగుతోంటే వెనక తలుపు మళ్లీ తెరుచుకుంది.

“ఆ కారేమిటి అలా అడ్డంగా పెట్టావు? తీసెయ్! జనం రావద్దూ?”

పార్కింగంతటికీ ఉన్నది ఆ కారొక్కటే.